ముఠా అందరికీ ఒకటే ట్యూబు

మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపులోనో, టీవీ వెనకాలో, కుట్టుమిషన్ సొరుగులోనో సగం నొక్కి మడత పెట్టిన కంటి ఆయింట్‌మెంట్ ట్యూబు ఒకటి ఉండే ఉంటుంది. అది ఎవరికి రాసిచ్చారో, ఎప్పుడు మూత తీశారో మీకు గుర్తుండదు. ముందు లేచి దాన్ని చెత్తబుట్టలో పడేసి రండి. నేను చెప్పేది ఎక్కడికీ పోదు.

పడేశారా? సరే, ఇప్పుడు కూర్చోండి.

నా పేరు కుమారి. మాది ప్రత్తిపాడు దాటాక లోపలికి వెళ్లే ఊరు. పత్తి, మిరప తప్ప మరో పైరు పెద్దగా కనబడదు. నేను కోతల కాలంలో మిరప కోతకు వెళతాను, మిగతా కాలంలో జాకెట్లు కుడతాను, ఆదివారం చర్చిలో స్త్రీల కూటానికి బైబిలు వాక్యం చదువుతాను. మా ఆయన ఏసోబు ఆటో నడుపుతాడు. నాకు చిన్నప్పటి నుంచీ ఎడమ కన్ను మందం. దాంతో మనిషి వచ్చింది తెలుస్తుంది గానీ ఎవరొచ్చిందీ తెలియదు. సూదిలో దారం ఎక్కించినా, వాక్యం చదివినా, పండుకాయను పచ్చికాయను వేరు చేసినా అంతా కుడి కంటి చలవే. ఈ సంవత్సరం ఆ కుడి కన్నే పోబోయింది.

దాని గురించి మా ఊళ్లో చాలా కథలు తిరిగాయి. దిష్టి తగిలిందని ఒకరు, ఈస్టరు ముందు వచ్చే శ్రమకాలంలో కొత్త చీర కట్టుకుందని ఒకరు, ఫోను చూసి చూసి అట్టా అయిందని ఒకరు. ఆ ఫోన్లో నేను చూసేది మా చెల్లెలి మొహం, అదీ వారానికోసారి. విని విని నాకు విసుగొచ్చింది. నా కన్ను సంగతి ఇక నేనే చెప్పుకుంటాను.

ఫిబ్రవరి, రెండో కోత

మిరప కోతకు వెళ్లేవాళ్లం చీర మీద పాత పొడుగు చేతుల చొక్కా వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని పొద్దున్నే సాళ్లలోకి దిగుతాం. ఎండ ఎక్కేసరికి చేతులు మండటం మొదలవుతుంది. సాయంత్రం ఇంటికెళ్లి మజ్జిగలో ముంచినా ఆ మంట పూర్తిగా చల్లారదు. అందుకని మా ముఠాలో ఒక కట్టుబాటు ఉంది. కోత చేతులతో ఎవరూ కన్ను ముట్టుకోకూడదు. చెమట కారనీ, పురుగు పడనీ, చెయ్యి పైకి లేవకూడదు.

మరి కంట్లో ఏదైనా పడితే ఎట్టా? దానికి మా దీనమ్మత్త ఉంది.

దీనమ్మత్త మా నాన్నకు అక్క, మా ముఠాకు మేస్త్రి. ఆమె కాయ కోయదు. గోతాలు కట్టించడం, రైతుతో మాట్లాడటం, వెనకబడ్డవాళ్ల మీద కేకలేయడం ఆమె పని. ఆమె గొంతు లేస్తే పక్క చేలో వాళ్లు కూడా చేతులు ఆడిస్తారు. కాయ కోయదు కాబట్టి ఆమె చేతులకు కారం తక్కువ. వక్కాకు సంచిలో ఒక కంటి ఆయింట్‌మెంట్ ట్యూబు పెట్టుకుని తిరిగేది. మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్నప్పుడు కన్ను మండేవాళ్లు వెళ్లి ఆమె ఒళ్లో తల పెట్టేవాళ్లు.

ఆమె చేతులు ఎంత శుభ్రంగా ఉన్నా తన వేలిని మాత్రం నమ్మేది కాదు. మిరప చేలో తిరిగిన వేలు కంట్లోకి పోకూడదని ఆమె పట్టు. అందుకని ట్యూబు మూతినే రెప్ప లోపలి అంచు మీద పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు కాటుక తీర్చినట్టు లాగేది. "వేలికైతే కారం ఉంటదే, ట్యూబుకేముంటది?" అనేది. ఆ మాట మా అందరికీ సబబుగానే తోచింది. ఒకరికి పెట్టాక ట్యూబు మూతిని పైట కొంగుతో తుడిచి ఇంకొకరిని పిలిచేది. తల్లి కూడా అంత ఓపికగా పెట్టదు. నేను ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను.

ఆ ట్యూబు ఎప్పుడో మా ముఠాలో సునీతకు కంటి కురుపు లేచినప్పుడు బస్టాండు దగ్గర మందుల షాపులో అడిగితే ఇచ్చింది. ఎరుపు ఇట్టే లాగేసిందని దీనమ్మత్త అదే మందు మళ్లీ మళ్లీ తెప్పించేది. వక్కాకు సంచిలో ఒరుసుకుని దాని మీద అక్షరాలు చెరిగిపోయాయి. ఆ ఫిబ్రవరిలో ముఠాలో కొందరికి కళ్లకలక వచ్చింది. పొద్దున్న లేస్తే రెప్పలు పుసులతో అంటుకుపోతున్నాయని సునీత చెప్పింది. వాళ్లందరికీ అదే ట్యూబు నడిచింది.

రెండో కోతలో ఒకరోజు నేను వంగి కొమ్మ పక్కకు లాగుతుంటే ఎండుపుల్ల ఒకటి విదిలించుకుని వచ్చి కుడి కంట్లో ఛెళ్లున కొట్టింది. నీళ్లు ధారగా కారాయి.

"ఇట్టా రా," అంది దీనమ్మత్త. "తల పెట్టు. కదలమాకు. అంతేనే, అయిపోయింది."

చల్లగా అనిపించింది. మర్నాటికి ఎరుపు తగ్గింది. ఇంకో రెండు మూడు రోజులు ఆమే పెట్టింది. ఎరుపు పూర్తిగా పోయింది, నేను కూడా అత్త చేతి చలవ అని అందరికీ చెప్పాను. ఆ తర్వాత వెలుతురు చూస్తే కంట్లో సూదులు గుచ్చినట్టు ఉండసాగింది. ఒక ఆదివారం చర్చిలో వాక్యం తీస్తే పేజీ మీద పొగ కమ్మింది. ఎడమ కన్ను మూసి చూశాను, పొగే. అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క కనబడింది.

నిజం చెబుతున్నాను, అంత భయం నేను కాన్పుల్లో కూడా పడలేదు.

ఫిబ్రవరి చివర

ఇంట్లో రచ్చ మొదలైంది. నల్లగుడ్డు మీద పువ్వేసిందని, ఇక చూపు రాదని పక్కింటి ఆవిడ ముందే తేల్చేసింది. పసరు పోసేవాళ్లు చీరాల వైపు ఉన్నారని ఒకరు చెప్పారు. బాలింత చనుబాలు పోయమని ఇంకొకరు చెప్పి, బాలింతను కూడా వెంటబెట్టుకొచ్చారు. ఆ పిల్ల పాపం సిగ్గుతో చచ్చిపోతోంది. మా ఆయన అందరి మాటా వింటున్నాడు, ఆయన అట్టాంటి మనిషి.

"నా కంట్లో ఇంకెవ్వరూ ఏమీ పొయ్యొద్దు," అన్నాను. "ఏమయ్యా, ఆటో తియ్యి. గుంటూరు పోదాం."

"కోతలు మంచి ఊపు మీదున్నాయి గదే, ఆదివారం దాకా ఆగితే..."

"ఆగితే నీ మొహం నేను గొంతును బట్టి గుర్తుపట్టాలి. తియ్యి."

తీశాడు.

గుంటూరు కంటి ఆసుపత్రిలో వరండా నిండా మనుషులే. శుక్లాలు తీయించుకున్న ముసలాళ్లు ఒక కంటికి మూత పెట్టుకుని వరుసగా కూర్చున్నారు. మాట్లాడే ప్రతి మనిషీ ఇంకొకరి కన్ను గురించే మాట్లాడుతున్నాడు. వెలుతురు భరించలేక నేను కొంగు తల మీద కప్పుకుని గోడ వైపు తిరిగి కూర్చున్నాను. నా పక్కన పొన్నూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు ఉన్నారు. నేను ఏడుస్తున్నానని ఆయన కనిపెట్టారు. లేచి వెళ్లి కిటికీ తలుపు వేసొచ్చి, "ఎండ ఇటే కొడుతోందమ్మా," అన్నారు. నన్ను పిలిచినప్పుడు నాకు వినబడకపోతే ఆయనే కేకేసి చెప్పారు. ఆయన పేరు నేను అడగలేదు, మొహం కూడా సరిగ్గా చూడలేదు.

డాక్టరమ్మ చిన్న వయసావిడ. నీలం దీపం వేసి చూసింది, చాలాసేపు చూసింది. ఎడమ కన్ను సంగతి చెబితే ఆమె చెయ్యి ఆగింది.

"అంటే మంచి కన్ను ఇదేనా?"

"ఇదేనండీ."

"ఏం మందు వాడారమ్మా ఇప్పటిదాకా?"

చెప్పాను. ఆ ట్యూబు చూడాలంది. మా ఆయన ఫోను చేశాడు. మధ్యాహ్నం దాటాక దీనమ్మత్త బస్సెక్కి తనే వచ్చింది, కోత చొక్కా కూడా విప్పకుండా. ట్యూబు పిడికిట్లో పట్టుకునే వచ్చింది. డాక్టరమ్మ దాన్ని దీపం కింద పెట్టి మిగిలిన అక్షరాలు కూడబలుక్కుంది.

"ఇందులో రెండు మందులు కలిపి ఉన్నాయమ్మా. ఒకటి క్రిముల్ని చంపేది. రెండోది ఎరుపునీ వాపునీ అణిచేది. ఆ రెండోది కూడా కొన్ని జబ్బులకు కావాల్సిందే, కాని మేం చూసి ఇవ్వాలి. పుల్ల తగిలిన కంట్లో పెడితే పైకి నయమైనట్టు ఉంటుంది, లోపల పుండు పెరుగుతుంది. పొలం పుల్లతో బూజు లాంటిది కూడా కంట్లో చేరుతుంది. దానికి ఇందులో మందే లేదు. పైగా ఇది ఎంతమంది కళ్లకు తగిలింది?"

పక్కన కూర్చుని రాసుకుంటున్న ఆవిడ తలెత్తకుండానే అంది, "మీ వాళ్లకు ఎంత చెప్పినా ఇంతేనండీ. సొంత వైద్యం మానరు."

నాకు ఒళ్లు మండింది. కన్ను పోతుందో ఉంటుందో తెలియని మనిషికి ఇంక భయపడాల్సింది ఏముంటుంది?

"మా వాళ్లంటే ఎవరండీ?" అన్నాను. "ఆ ట్యూబు మేం ఇంట్లో తయారు చేసుకోలేదు. షాపులో అమ్మితే కొన్నాం. చీటీ ఏదని అడగకుండా అమ్మినోళ్లకు కూడా ఒకసారి చెప్పండి, సొంత వైద్యం మానమని. మా ఊరికి కంటి డాక్టరు ఎప్పుడన్నా వచ్చాడా? వస్తే మేం పొమ్మన్నామా?"

మా ఆయన నా మోచెయ్యి గిల్లాడు. డాక్టరమ్మ మాత్రం రాసుకునే ఆవిడ వైపు చూసి, "ఆమె చెప్పింది నిజమే," అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"చూపు వస్తుందా అమ్మా?" అని అడిగాను.

"ఇప్పుడే చెప్పలేను. చాలా ప్రయత్నిద్దాం."

ఆ 'చాలా' అన్న మాటను పట్టుకుని నేను బతికాను.

మార్చి

ఆసుపత్రిలో ఉంచారు. గంటగంటకూ చుక్కలు. పుండు గీకి పరీక్షకు పంపినప్పుడు నొప్పి తెలియలేదు గాని ఏదో గోకుతున్నట్టు తెలిసింది, ఇంతకన్నా దాని గురించి చెప్పను. కుడి కన్ను మూసి ఉంటే ప్రపంచమంతా ఎడమ కంటిది. మనుషులు రంగుల ముద్దల్లా కదిలేవాళ్లు. మా ఆయన చొక్కా రంగును బట్టి ఆయనని గుర్తుపట్టేదాన్ని. ఒకరోజు ఆయన చొక్కా మార్చుకొస్తే ఎవరో అనుకుని పక్కకు జరిగి కూర్చున్నాను. ఆయన వచ్చి నా పక్కన కూర్చుని నా అరచెయ్యి పట్టుకున్నాడు. పెళ్లయినప్పటి నుంచీ నలుగురిలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

పుండు కాస్త మానుముఖం పట్టాక చుక్కలు తగ్గించి, పడుకునే ముందు పెట్టుకోమని ఆయింట్‌మెంట్ రాశారు. వద్దన్నాను.

"మందు మీద కోపమెందుకమ్మా," అంది అక్కడి సిస్టరు, ఒంగోలు వైపు మనిషి, నవ్వు గొంతు. "ఇది ఒట్టి క్రిముల మందే, డాక్టరమ్మ చూసి రాసింది. ఇది మంచిదే. పెట్టే పద్ధతి నేర్చుకో. ఇది నీ ఒక్కదానిదే, ఇంట్లో వాళ్లకు కూడా ఇవ్వమాకు."

ఆమె నేర్పినట్టే మీకు చెబుతాను. చేతులు సబ్బుతో బాగా కడుక్కోవాలి. మనలాంటి కోత చేతులైతే ముందు నూనె రాసి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బు రుద్దాలి, ఒకసారి సరిపోదు. అంతకన్నా మేలు, ఆ రోజు మిరపకాయ ముట్టని మనిషి చేత పెట్టించుకోవడం. తల వెనక్కి వాల్చి పైకి చూడాలి. కింది రెప్పను కొంచెం లాగితే చిన్న జేబులా వస్తుంది. ట్యూబును పైన పట్టుకుని ఆ జేబులోకి సన్నటి గీతలా మందు వదలాలి. ట్యూబు మూతి కంటికి గాని, రెప్పకు గాని, వెంట్రుకలకు గాని, వేలికి గాని తగలకూడదు. కన్ను మెల్లగా మూసి ఉంచాలి, నలపకూడదు. మూత వెంటనే పెట్టేయాలి. చుక్కల మందు కూడా ఉంటే ముందు చుక్కలు, కాసేపు ఆగి ఆయింట్‌మెంట్. పెట్టాక కాసేపు చూపు మసకేస్తుంది, భయపడొద్దు, ఆ మసకలో పొయ్యి దగ్గరికి వెళ్లొద్దు, బండి ఎక్కొద్దు. తగ్గినట్టుందని మధ్యలో మానకూడదు. ఎరుపో నొప్పో పెరిగినా, రెప్పలు వాచి దురద పెట్టినా ఆగకుండా చూపించుకోవాలి. మూత తీసిన రోజు ట్యూబు మీద రాసుకుని, వాడమన్న గడువు అయ్యాక ఎంత మిగిలినా పారేయాలి. మిగిలింది గదా అని దాచుకునే గుణం మా ఆడవాళ్లందరిలో ఉంది, అందుకే గట్టిగా చెబుతున్నాను.

సిస్టరు నాకు అట్టా పెట్టి చూపిస్తుండగా దీనమ్మత్త లోపలికి వచ్చింది. టిఫిను క్యారియరు తెచ్చింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"అదేంది, అట్టా పై నుంచి వదులుతున్నారు?" అంది.

"ముట్టుకోకూడదు పెద్దమ్మా," అంది సిస్టరు. "ఒకరి కంటి నుంచి ఇంకొకరికి అంటుకుంటుంది."

అత్త క్యారియరు కింద పెట్టింది. ఆమె మొహం నాకు కనబడలేదు గాని ఊపిరి వినబడింది.

"మా అమ్మ దోసిలి పడితే దొరసాని పై నుంచి నీళ్లు పోసేది," అంది. "చెంబు ముట్టుకుంటే మైలని. మా అమ్మ ఎండలో మోకాళ్ల మీద కూర్చుని తాగేది. నేను చూశా. అందుకే నా ముఠాలో నీళ్లు ఒక్క క్యాను, గ్లాసు ఒక్కటి, అన్నం కలిపి తింటాం. ఎవరి చెయ్యీ ఎవరికీ మైల కాదు. ఇప్పుడు నా చేతి ట్యూబు నీకు మైలయిందా కుమారీ?"

సిస్టరు బిత్తరపోయింది. నేను లేచి కూర్చున్నాను. కన్ను నిండా మందు, ఎదుట ఎవరూ కనబడరు, అయినా గొంతు వచ్చిన వైపు తిరిగి అరిచినంత పని చేశాను.

"అత్తా, ఆమె పై నుంచి పోసింది తన చెంబు కాపాడుకునేందుకు. ఈమె పై నుంచి పెట్టేది నా కన్ను కాపాడేందుకు. రెండూ ఒకటంటే నేను ఒప్పుకోను. ఎవరి కంటిదైనా అంతే, డాక్టరమ్మ కంటిదైనా అంతే, దొరసాని కంటిదైనా అంతే. నీ చెయ్యి మైల కాలేదు. ఆ ట్యూబు చెడ్డది, అంతే."

"నీకు పెట్టిందంతా విషమేనా అయితే?"

ఆమె క్యారియరు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. అందులో నాకిష్టమని గోంగూర చేసి తెచ్చింది. దాన్ని నేను ఏడుస్తూనే తిన్నాను.

గుడ్ ఫ్రైడే

ఇంటికి పంపించారు. వెలుతురు పడకుండా నల్లద్దాలు ఇచ్చారు. చూపు కొద్దికొద్దిగా వస్తోంది గాని అక్షరాలు ఇంకా రావడం లేదు. దీనమ్మత్త మా వీధిలోంచి వెళ్లడం మానేసింది. మా ఆయన రెండు ఇళ్ల మధ్యా తిరిగి, "నువ్వైనా ఒక మెట్టు దిగకూడదా," అన్నాడు. "నా కన్ను విషయంలో దిగను," అన్నాను. "ఇంక మిరపకాయలకు పోవద్దులే," అన్నాడు. నల్లద్దాలు పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయాను.

మా చర్చిలో గుడ్ ఫ్రైడే రోజు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు నిలబడి మాట్లాడతారు. నాకు దాహం గురించిన మాట వచ్చింది, జనవరిలోనే చెప్పారు. పాస్టరు గారి భార్య ఇంటికి వచ్చి, "ఈసారికి విశ్రాంతి తీసుకోమ్మా, సునీత చదువుతుంది," అంది. మంచి మనసుతోనే అంది.

"చదవనండీ, చూపు లేదు. మాట్లాడతాను," అన్నాను.

నల్లద్దాలతో వెళ్లి బల్ల పట్టుకుని నిలబడితే 'అయ్యో' అని గుసగుసలు వినబడ్డాయి. అయ్యో అనిపించుకోవడానికి నేను అంత దూరం నడిచి రాలేదు. మా నాయనమ్మ దోసిలి గురించి చెప్పాను. దాహం వేసిన మనిషిని మోకాళ్ల మీద కూర్చోబెట్టిన వాళ్లు సిగ్గుపడాలి గాని దోసిలి పట్టినామె కాదన్నాను. ఆమె కూతురు ఆ దోసిలిని మరిచిపోలేదు కాబట్టే మా ముఠాలో ఒకే గ్లాసుతో అందరం తాగుతున్నామని, నాకు ఆ గ్లాసు కావాలని, ఎప్పటికీ కావాలని చెప్పాను. కాని కంటి మందు మాత్రం ఎవరిది వాళ్లకే ఉండాలని, అందులో ఎక్కువ తక్కువలు లేవని, అది నా కన్ను పోగొట్టుకోబోయి తెలుసుకున్నానని చెప్పాను. గుడ్ ఫ్రైడే ప్రసంగంలో ఆయింట్‌మెంట్ సంగతి చెప్పిన మొదటి మనిషిని నేనేనేమో. పాస్టరు గారు దగ్గారు. నేను ఆపలేదు.

మర్నాడు పొద్దున నేను అద్దం ముందు కూర్చుని మందు పెట్టుకోలేక తంటాలు పడుతుంటే గుమ్మంలో చీర కుచ్చెళ్ల చప్పుడు వినబడింది. దీనమ్మత్త. నేరుగా పెరట్లోకి వెళ్లింది. సబ్బు రుద్దుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది. వచ్చి నా ఎదుట నిలబడి తడి చేతులు ముందుకు చాచింది.

"ఎట్టా పెట్టాలో చెప్పు," అంది.

చెప్పాను. ఆమె పైన పట్టుకుని, ఊపిరి బిగబట్టి, జేబులోకి సన్నగా వదిలింది. ఎక్కడా తగలలేదు. మూత పెట్టింది. కన్ను మూసుకుని ఉన్నాను.

"మందు పెట్టేటప్పుడు ముట్టుకోకూడదు, సరే," అంది. "ఇప్పుడు ముట్టుకోవచ్చా?"

నా నుదుటి మీద చెయ్యి వేసి, జుట్టు వెనక్కి తోస్తూ చాలాసేపు నిలబడింది. "నీ కన్ను పోయుంటే నేను ఎట్టా బతికేదాన్నే," అని ఏడ్చింది. నాకు ఆమె మీద కోపం ఉంది, చాలా ఉంది. అంతకన్నా ఎక్కువ ప్రేమ ఉంది. ఆ రెండూ ఆమెకు చెప్పాను.

ఆగస్టు

ఎండలు పోయి వానలు పడ్డాక డాక్టరమ్మ ఎడమ కన్ను మూయించి గోడ మీది అక్షరాలు చదవమంది. పై వరుసలు చదివాను. కిందికి వచ్చేసరికి కొన్ని జారిపోయాయి. నల్లగుడ్డు అంచున చిన్న తెల్ల మచ్చ మిగిలింది, అది ఉండిపోతుందంది. ఉండనీ. సూదిలో దారం ఎక్కిస్తున్నాను, కాస్త ఆలస్యంగా ఎక్కుతోంది.

"మళ్లీ మిరప కోతకు వెళ్లకుండా ఉంటే మంచిదమ్మా," అంది.

"వెళ్లొద్దని చెప్పకండి డాక్టరమ్మా. ఎట్టా వెళ్లాలో చెప్పండి."

ఆమె నవ్వింది. చెప్పింది. కళ్లకు చుట్టూ మూసి ఉండే అద్దాలు పెట్టుకోమంది. కారం పడితే శుభ్రమైన నీళ్లు ధారగా పోసి కడగమంది, నలపొద్దంది. పుల్ల గాని ఆకు గాని కంటికి కొడితే ఏ ట్యూబూ పెట్టకుండా అదే రోజు చూపించమంది. కోతంతా అయ్యాక వస్తామంటే ఒప్పుకోనంది. నేను తల ఊపి, బయటికి వచ్చి, అద్దాలు ఎక్కడ దొరుకుతాయో మా ఆయనని కనుక్కోమన్నాను. ఆయన ఆటో తీశాడు.

మళ్లీ కోతలు

చేలోకి అద్దాలు పెట్టుకుని దిగితే రైతు పగలబడి నవ్వాడు. "ఏందమ్మా కుమారీ, సినిమా షూటింగా?" అన్నాడు. "అవునండీ, మీరు విలన్," అన్నాను. ముఠా అంతా గొల్లున నవ్వింది. అద్దాల లోపల చెమట పడుతుంది, చికాకు పుడుతుంది, అయినా తీయలేదు. ఇప్పుడు ముఠాలో ఇంకో నలుగురు పెట్టుకుంటున్నారు. సునీత మాత్రం మొహం మీద అచ్చులు పడతాయని పెట్టుకోలేదు.

ఆమెకే తగిలింది. కొమ్మ విదిలించుకుని ఎడమ కంట్లో కొట్టింది. గోతాం వదిలేసి కూలబడి, కన్ను నలపబోతుంటే నేను చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాను. అలవాటు ప్రకారం అందరి తలలూ దీనమ్మత్త వైపు తిరిగాయి. వక్కాకు సంచి ఆమె నడుముకే ఉంది. అందులో ఇప్పుడు వక్కాకు తప్ప ఏమీ లేదు.

ఆమె ముందు మంచినీళ్ల క్యాను తెప్పించి సునీత కంట్లో మెల్లగా ధార పోసింది. తర్వాత గట్టు మీద నీడలో నిలబడ్డ రైతు దగ్గరికి నేరుగా నడిచింది.

"మోటారు సైకిలు తియ్యండి. పిల్లకు కంట్లో పుల్ల కొట్టింది. గుంటూరు తీసుకుపోవాలి."

"పుల్ల తగిలితే గుంటూరేంది దీనమ్మా? ఇన్నేళ్లూ ఏదో మందు పూసేదానివిగా. పూయి, తగ్గుద్ది. సాయంత్రం చూద్దాం."

"పూయడానికి నేనేమన్నా డాక్టర్నా? సాయంత్రం కాదు, ఇప్పుడు."

"నేను పోతే ఇక్కడ కోత ఎవరు చూస్తారు?"

అప్పుడు దీనమ్మత్త వెనక్కి తిరిగి, పక్క చేలో వాళ్లకు కూడా వినబడే గొంతుతో అరిచింది. "చేతులు ఆపండే! బండి కదిలేదాకా ఒక్క కాయ తెగకూడదు!"

ముఠా మొత్తం సాళ్లలోంచి లేచి నిలబడింది. పండుకాయలు కొమ్మలకే వేలాడుతున్నాయి. రైతు ఒకసారి మా వైపు, ఒకసారి కాయ వైపు చూశాడు. గొణుక్కుంటూ జేబులోంచి తాళం తీశాడు. సునీతను ఎక్కించి, వెనక ఇంకొకామెను కూర్చోబెట్టి, "డాక్టరు చూసేదాకా ఎవరేం పెట్టబోయినా పెట్టనియ్యమాకు," అని దీనమ్మత్త గట్టిగా చెప్పింది.

బండి పత్తి చేల మధ్య మట్టి డొంకలో దుమ్ము లేపుకుంటూ వెళ్లింది. నేను అద్దాలు నుదుటి మీదికి తోసి, ఎడమ కన్ను మూసుకుని, కుడి కంటితోనే చూశాను. మలుపు దగ్గర సునీత మా వైపు తిరిగి చెయ్యి ఊపింది. అంత దూరం నుంచి కూడా ఆమె చేతి గాజుల రంగు నాకు కనబడింది.